వాల్వు మారింది, మోత పోలేదు

బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు పేరు నలుదిక్కులా పాకింది తెనాలి నాటకాలతోనే. శ్రీరామవిలాస సభ వారి రంగస్థలం మీద ఆయన సత్యభామగా నిలబడి ఒక్క మాట అంటే, ముందు కుర్చీల్లో కూర్చున్న మోతుబరులకూ వెనక నేల టిక్కెట్టు జనానికీ అది వినపడాలి. మైకు లేదు. గ్యాస్‌లైట్ల బుస మీదుగా, చంటిపిల్లల ఏడుపుల మీదుగా గొంతు ఎక్కించాల్సిందే. పద్యనాటకం వాళ్ళు అంత పై శ్రుతిలో ఎందుకు పాడేవారు, రాగాన్ని అంతసేపు ఎందుకు లాగేవారు అని ఇప్పటి కుర్రాళ్ళు నవ్వుతారు గాని, అందులో సంగీతం ఎంతో, చివరి వరుసకు అందాలన్న అవసరమూ అంతే.

ఆ నాటకాల్లో వినపడని శబ్దం ఒకటుంది. తెర లేవకముందే గుయ్‌మంటూ మొదలై, తెల్లవారుజామున మంగళం పాడేదాకా ఆగని హమ్. అది కరెంటుతో పాటు డెల్టాలోకి వచ్చింది, మైకుతో పాటు స్థిరపడింది. దాన్ని వదిలించడం మీదే కొందరు బతికారు. వాల్వు మారిస్తే మోత పోతుందని యజమాని అంటాడు. మోత వాల్వులో లేదని మెకానిక్కు అంటాడు. ఇద్దరూ ఎడతెగకుండా వాదించుకుంటూ ఉండగానే ఆ వృత్తి ముప్పై నలభై ఏళ్ళు నడిచింది.

వాల్వు వయసు నాటకాల వాళ్ళకంటే పెద్దదేమీ కాదు. ఇంగ్లండులో ఫ్లెమింగు 1904లో రెండు ఎలక్ట్రోడుల వాల్వు చేశాడు. రెండేళ్ళకు అమెరికాలో లీ డి ఫారెస్ట్ అందులో మూడోది చేర్చాడు. చిన్న శబ్దాన్ని పెద్దది చేయడం దానితోనే సాధ్యమైంది. 1936లో ఆర్‌సీఏ కంపెనీ 6ఎల్6 అనే పవర్ వాల్వు తెచ్చాక మైదానం నిండా వినిపించే యాంప్లిఫయర్లు చవకపడ్డాయి. మన దేశంలో బొంబాయి షికాగో రేడియో వాళ్ళు కాంగ్రెసు సభలకు లౌడ్‌స్పీకర్లు కట్టి పేరు తెచ్చుకున్నారు. ఢిల్లీలో అహూజా కంపెనీ 1940లో మొదలైంది. ఆ తర్వాత ఏ ఊళ్ళో మైకు షాపు చూసినా ఈ రెండు పేర్లలో ఒకటి పెట్టె మీద కనపడేది.

ఇక రేడియో. మద్రాసు ఆకాశవాణి 1938 జూన్‌లో మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. తెనాలికి విజయవాడ కూతవేటు దూరం కాబట్టి అక్కడి మీడియం వేవ్ ఇక్కడ ఖణేల్‌మని వినపడేది. తెనాలి దగ్గరి మోరంపూడిలో పుట్టిన కొంగర జగ్గయ్య సినిమాల్లో స్థిరపడకముందు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. రేడియో ఉన్న ఇంటి అరుగు మీద సాయంత్రం పదిమంది చేరేవాళ్ళు. కరెంటు లేని పల్లెల్లో పంచాయతీ రేడియో ఉండేది.

ఆ పల్లెటూరి బ్యాటరీ రేడియోలో హమ్ అసలు ఉండేది కాదు. కారణం తేలిక. బ్యాటరీ ఇచ్చేది డీసీ. దానికి ఊగిసలాట లేదు. మన కరెంటు మాత్రం సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని రెక్టిఫయరు వాల్వుతో డీసీగా మార్చినా, ఆ డీసీలో సెకనుకు 100 సార్లు వచ్చే అల మిగిలిపోతుంది. ఆ అలను చోక్, కండెన్సర్ కలిసి అణచాలి. అవి అణచలేనిదంతా స్పీకరులోకి వస్తుంది. వాల్వులను లోపల వేడిచేసే హీటర్ల నుంచి దొంగచాటుగా వచ్చేది 50 సైకిళ్ళ మోత, కాస్త మెత్తగా, లోతుగా ఉంటుంది. పవర్ సప్లయి నుంచి వచ్చేది 100 సైకిళ్ళ మోత, కొంచెం గరుకు. ముదురు మెకానిక్కు మూత తెరవకముందే చెవితో ఈ తేడా పట్టేవాడు. సగం రోగం అక్కడే తెలిసిపోయేది.

బ్యాటరీ సెట్లన్నీ నిశ్శబ్దంగా ఉండేవని కాదు. 1952 ఎన్నికల నాటి ప్రచారం మైకులు కారు బ్యాటరీల మీద నడిచేవి. ఆరు వోల్టుల బ్యాటరీ నుంచి వాల్వు ప్లేటుకు కావలసిన రెండు మూడు వందల వోల్టులు రావాలంటే ఆ డీసీని ముందు ముక్కలు ముక్కలుగా తెంపాలి. ఆ పని వైబ్రేటరు అనే చిన్న డబ్బా చేసేది. లోపల ఒక ఇనుపరేకు అదురుతూ ఉండేది. ఆ జుమ్ముమోత ఉపన్యాసంలో కలిసిపోయి జనం మీద పడేది. చాలా వాల్వుల హీటరు వోల్టేజీ ఆరు కాక 6.3 ఎందుకైందో కూడా కారు బ్యాటరీయే చెబుతుంది. లెడ్ యాసిడ్ సెల్లు ఒక్కొక్కటి 2.1 వోల్టుల చొప్పున మూడు సెల్లులకు 6.3. తర్వాత ఇళ్ళలోకి కరెంటు రేడియో వచ్చినా, యాంప్లిఫయరు వచ్చినా ఆ లెక్క మారలేదు.

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు అందుబాటులోకి వచ్చాక కోస్తా జిల్లాల్లో కరెంటు స్తంభాలు పల్లెల వైపు నడిచాయి. మైకు షాపుల అసలు రోజులు అప్పుడు మొదలయ్యాయి. ఒక యాంప్లిఫయరు, రెండు బాకాలు, ఒక మైకు, దాని స్టాండు, గ్రామఫోను, ఓ చెక్కపెట్టె నిండా ప్లేట్లు, చుట్టలు చుట్టిన వైరు. ఇంతే పెట్టుబడి. శ్రీరామనవమి పందిరి, వినాయకచవితి, పెళ్ళి, హరికథ, బుర్రకథ, నాటకం, పార్టీ మీటింగు, ఏదైనా ముందు మైకు సెట్టాయనకు బయానా ఇవ్వాల్సిందే. నాటకాల్లో మైకులు ఎక్కడ వేలాడితే పాత్రలు అక్కడికే నడిచేవి. రాయబారం సీనులో కృష్ణుడైనా సరే, పద్యం ఎత్తుకోవాలంటే కౌరవులను వదిలి మైకు కిందికి రావాల్సిందే.

ఈ వ్యాపారానికి వాల్వులు సరఫరా చేసింది రైలు. తెనాలి, బాపట్ల మద్రాసు మెయిన్‌లైను మీదివి. రేపల్లెకు మాత్రం తెనాలి నుంచి 1916 నాటి బ్రాంచి లైను. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి మద్రాసు. అక్కడ మూర్ మార్కెట్టులో పాత సరుకు, యుద్ధంలో మిగిలిపోయిన సరుకు. ఆ తర్వాతి కాలంలో రిచీ స్ట్రీటు. అన్నీ విదేశీ వాల్వులే. దిగుమతి లైసెన్సుల కాలంలో దొరికిందే సరుకు. బెంగుళూరులో 1954లో పెట్టిన భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టాక ఆ కరువు కాస్త తీరింది. 'బెల్' అని గాజు మీద అచ్చువేసిన వాల్వులు పాత రేడియోల్లో ఇప్పటికీ కనపడతాయి.

సరుకు దొరికినంత మాత్రాన చిక్కు తీరదు. అసలు చిక్కు కొత్త వాల్వు పెట్టినప్పుడే మొదలయ్యేది.

పెళ్ళి మైకు యాంప్లిఫయరునే తీసుకుంటే, అందులో రెండు 6ఎల్6 వాల్వులు జంటగా పనిచేస్తాయి. ఒకటి నెట్టేటప్పుడు ఇంకోటి లాగుతుంది. ఈ అమరికలో ఒక వరముంది. పవర్ సప్లయిలో మిగిలిన అల రెండు వాల్వుల్లోకీ ఒకేలా వస్తుంది, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో ఎదురెదురుగా పడి కొట్టుకుపోతుంది. అందుకే చవక కండెన్సర్లతో కట్టిన యాంప్లిఫయరు కూడా మూగగా ఉండేది. రెండిట్లో ఒకటి కాలిపోతే యజమాని ఒక్కటే కొని తెస్తాడు. కొత్తది బలంగా కరెంటు లాగుతుంది, పాతది అరిగిపోయి ఉంటుంది. ముసలి ఎద్దునూ కోడెనూ ఒకే కాడికి కట్టినట్టు. అలలు ఇక చెల్లవు. నిన్నటిదాకా లేని మోత ఇవాళ కొత్త వాల్వుతో వచ్చింది కాబట్టి తప్పు కొత్త వాల్వుదేనని యజమాని తీర్పు. రెండూ మారిస్తే గాని పోదని మెకానిక్కు. రెండో వాల్వు ఖరీదు విన్నాక, కాస్త మోత ఉంటే మాత్రం పెళ్ళి ఆగుతుందా అనే దగ్గరికి బేరం చేరేది.

ఇంట్లో రేడియోది ఇంకో కథ. అందులో ఈఎల్84 లాంటి పవర్ వాల్వు ఒక్కటే ఉంటుంది. జంట లేదు, చెల్లుబాటు లేదు. ఏళ్ళ తరబడి వాడిన వాల్వు కరెంటు తక్కువ లాగుతూ ఉంటుంది. దానికి తగ్గట్టే పవర్ సప్లయి మీద బరువూ తక్కువే. లోపలి ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు ఈలోగా ఎండిపోయి ఉన్నా ఎవరికీ తెలియదు. కొత్త వాల్వు వచ్చి తన పూర్తి వాటా లాగగానే కండెన్సరు గుట్టు బయటపడుతుంది. దీన్ని తేల్చడానికి మెకానిక్కు చేసే పరీక్ష చూడముచ్చటగా ఉండేది. సెట్టు ఆపి, లోపల నిలిచిన చార్జిని రెసిస్టరు గుండా దించి, మంచి కండెన్సరు ఒకటి పాతదానికి సమాంతరంగా తగిలించి, ప్లస్సు మైనస్సు సరిచూసి, మళ్ళీ ఆన్ చేస్తాడు. మోత తగ్గితే దొంగ దొరికినట్టే. చార్జి దించే ఆ మధ్య మెట్టు మరిచిపోతే మూడు వందల వోల్టులు చేతిని విసిరికొడతాయి. స్విచ్చి కట్టేసినా కండెన్సరు తన చార్జిని వెంటనే వదలదు. ఇప్పుడు ఇంట్లో సరదాగా పాత యాంప్లిఫయరు విప్పేవాళ్ళు ముందుగా నేర్చుకోవలసింది ఇదే.

మోత ఎక్కడ పుడుతోందో వెతకడానికి ఒక వరుస ఉండేది. ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించాలి. అయినా మోత అలాగే ఉంటే అది వాల్యూమ్ కంట్రోలు తర్వాతి భాగంలో ఉంది, అంటే పవర్ వాల్వులోనో పవర్ సప్లయిలోనో. వాల్యూమ్‌తో పాటు మోతా తగ్గితే అది ముందు మెట్టులో ఉంది. అప్పుడు చిన్న వాల్వుల వంతు. ఈసీసీ83 వంటి మొదటి వాల్వులో చీమంత మోత పుడితే అది తర్వాతి మెట్లలో వందల రెట్లు పెరిగి ఏనుగంతై బయటికొస్తుంది. అందుకే ఒకే నంబరు వాల్వులు రెండుంటే వాటిని అటుదిటు ఇటుదటు మార్చి చూసేవాళ్ళు. మోత కూడా మారితే వాల్వులోనే లోపం, హీటరుకూ కాథోడుకూ మధ్య లీకేజీ. మారకపోతే వైరింగులో. కానీ ఖర్చు లేని ఈ పరీక్షను కొత్త వాల్వు కొన్న తర్వాత చేసేవాళ్ళే ఎక్కువ.

ఫిలిప్స్ వాళ్ళు మైకులకూ టేపులకూ పనికొచ్చేలా ఈఎఫ్86 అనే వాల్వు చేశారు. దాని హీటరు తీగను మెలిపెట్టి చుట్టారు, అలా చుడితే అది పుట్టించే అయస్కాంత క్షేత్రం తనలో తానే చెల్లిపోతుంది. చుట్టూ ఇనుపజల్లెడ లాంటి కవచం కూడా ఉంటుంది. 1950ల నడుమ ముల్లార్డ్ కంపెనీ ప్రచురించిన 5-10 అనే హోమ్ యాంప్లిఫయరు సర్క్యూట్లో మొదటి వాల్వు ఇదే. చేత్తో కట్టుకునేవాళ్ళు దాన్నే ఎక్కువగా పట్టుకున్నారు. మెకానిక్కులకు తెలిసిన ఇంకో చిన్న సంగతి: చిన్న వాల్వుల మీద అల్యూమినియం టోపీ ఒకటి తొడిగి ఉంటుంది, బేసుకు బిగిసేలా. వాల్వు మార్చినప్పుడు టోపీ తీసి బల్ల మీద పెట్టి, తిరిగి తొడగడం మరిచిపోతే చాలు, గుయ్ మొదలు. పాత ఎరుపు, నలుపు పూత వాల్వుల్లో ఆ పూతే టోపీ. పూతకూ బేసు పిన్నుకూ మధ్య ఉండే సన్న తీగ తెగితే వాల్వు బాగానే ఉన్నా మోత పోదు.

నంబరు మార్చి పెట్టే తెలివి ఇంకొన్ని సెట్లను చంపింది. 6వీ6 దొరకలేదని 6ఎల్6 గుచ్చేవాళ్ళు. బేసు ఒకటే, లోపలికి దిగుతుంది, పాట కూడా వస్తుంది. కానీ 6వీ6 హీటరుకు 0.45 ఆంపియర్లు చాలు, 6ఎల్6 హీటరుకు 0.9 కావాలి. ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కుతుంది, ప్లేటు కరెంటూ పెరుగుతుంది, మోత కూడా. ఓ రాత్రి హరికథ మధ్యలో వార్నిషు కాలిన వాసన వస్తే దాని కారణం అక్కడే ఉందని తెలిసినవాడికి తెలుసు.

తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడు ఊళ్ళకూ తమదే అయిన బాధ ఇంకోటుంది, ఉప్పుగాలి. బాపట్లకు సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. రేపల్లెకు కింద నిజాంపట్నం రేవు. ఆ గాలి తగిలిన వాల్వు పిన్నులు మసకబారతాయి. బేసులోని రాగి రేకులకు పచ్చటి చిలుము పడుతుంది. పిన్నుకూ రేకుకూ మధ్య ఆ పొర ఉంటే హీటరు వెలుగు తగ్గుతుంది, ఎర్తు తీగ సరిగా ఆనదు, కొత్త వాల్వు పెట్టినా పాత చిలుమే దానికి తగులుతుంది. అందుకే ఇక్కడి పాతకాపులు వాల్వు కొనమనే ముందు పిన్నులు గీకి, బేసును స్పిరిటుతో తుడిచి, రేకులను సన్న సూదితో కాస్త దగ్గరికి నొక్కి చూసేవాళ్ళు. ఖర్చు పావలా పత్తి, కాస్త స్పిరిటు. ఇందులో షాపుకు లాభం లేదు, కాబట్టి ఇది చేసినవాడి పేరు ఊళ్ళో నిలబడింది.

ఎర్తింగు మరో అధ్యాయం. ఎర్తు లేని సెట్టు డబ్బా మీద చెయ్యి పెడితే మోత మారుతుంది. రెండు పిన్నుల ప్లగ్గును తిప్పి గుచ్చినా మారుతుంది. నాటకం పందిట్లో అందరికీ తెలిసిన చిట్కా ఇదే. పక్కా పద్ధతి మాత్రం గుంత తవ్వి, ఇనుపపైపు పాతి, ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా నింపడం. కృష్ణా పశ్చిమ డెల్టా నల్లమట్టి తడిగా ఉన్నంతకాలం ఎర్తుకు అంత మంచి నేల ఉండదు. కాలవలు కట్టేసి, చేలు బీటలు వారిన ఎండాకాలంలో మాత్రం అదే నేల మొండికేస్తుంది. పెళ్ళిళ్ళ సీజను సరిగ్గా అప్పుడే. ఎర్తు గుంతలో బిందెడు నీళ్ళు పోసి మైకు ఆన్ చేయడం అందుకే అలవాటైంది.

సినిమా హాళ్ళది పెద్ద స్థాయి వాల్వుల వ్యవహారం. 1932లో భక్తప్రహ్లాద తెలుగులో మాట్లాడిన దగ్గర్నుంచి ప్రతి హాలుకూ, ప్రతి టూరింగు టాకీసుకూ యాంప్లిఫయరు తప్పనిసరైంది. ఫిలిం అంచున ఉండే శబ్దపు గీతల మీద ఒక చిన్న దీపం వెలుగు పడుతుంది. అటువైపున్న ఫోటోసెల్ ఆ వెలుగు హెచ్చుతగ్గులను శబ్దంగా మారుస్తుంది. ఆ దీపాన్ని ఏసీ మీద వెలిగిస్తే దాని వెలుగు కూడా సెకనుకు 100 సార్లు ఊగుతుంది, ఫోటోసెల్ ఆ ఊగునూ నమ్మకంగా పాడేస్తుంది. అందుకే ఆ దీపానికి డీసీ ఇచ్చేవాళ్ళు. దాని రెక్టిఫయరు చెడితే విలన్ రాకముందే హాలంతా హుంకారం. ఆపరేటరు వాల్వులన్నీ మార్చి చూసి, చివరికి దీపం దగ్గరికి వచ్చేవాడు.

వాల్వుల పని 1970లలో తగ్గుముఖం పట్టింది. విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ భారత రామాయణాలు చెప్పే ఆదివారం మధ్యాహ్నాలూ, భద్రాచలం కల్యాణానికి ఆయన వ్యాఖ్యానమూ వాల్వు రేడియోలో విన్న ఇళ్ళు ఉన్నాయి. ట్రాన్సిస్టరులో విన్న ఇళ్ళే ఎక్కువ. 1977 నవంబరు 19 ఉప్పెన నిజాంపట్నం, దివిసీమ తీరాలను ముంచేసి స్తంభాలు కూల్చేసినప్పుడు కరెంటు సెట్టు ఎందుకూ కొరగాలేదు, చేతిలో పట్టే ట్రాన్సిస్టరే పనికొచ్చింది. 1980లు గడిచేసరికి మైకు షాపులు ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లకు మారిపోయాయి. పాత వాల్వు సెట్ల ట్రాన్స్‌ఫార్మర్లు రాగి కోసం కిలోల లెక్కన పాతసామాను బండ్ల మీదికి వెళ్ళాయి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఇవాళ కొత్తగా చుట్టించుకోవాలంటే ఎంతవుతుందో తెలిసినవాళ్ళు ఆ సంగతి తలచుకుని తల పట్టుకుంటారు.

ఎందుకంటే వాల్వు యాంప్లిఫయరు మళ్ళీ ముచ్చట అయింది. పాత ఘంటసాల ఎల్పీలను తాతల కాలపు రేడియోగ్రాములో వినాలనుకునేవాళ్ళు ఇప్పుడు వాల్వులు తెప్పించుకుంటున్నారు. బెల్ వాళ్ళవి మిగిలిన పాత స్టాకు దొరికితే అదృష్టం. లేకపోతే స్లొవేకియా, చైనా, రష్యాల నుంచి కొత్తవి. 2022లో యుద్ధం వల్ల రష్యా ఎగుమతులు ఆగినప్పుడు ప్రపంచమంతటా కొన్నాళ్ళు వాల్వులకు కటకట వచ్చింది. 

కొత్త వాల్వులు పెట్టుకున్నవాళ్ళ ఫిర్యాదు మాత్రం పాతదే. కారణాల పట్టికకు రెండు కొత్తవి చేరాయి. ఒకటి, 220 వోల్టులకు చుట్టిన పాత ట్రాన్స్‌ఫార్మరుకు ఇప్పుడు కొన్నిచోట్ల 240 పైన అందుతోంది. దాని వెనక ఉన్న ట్యాపింగును పై మెట్టుకు మార్చకుండానే వాల్వులు మార్చేస్తున్నారు. హీటర్లు ఎక్కువ వెలుగుతాయి, కొత్త వాల్వుల ఆయుష్షు తగ్గిపోతుంది. రెండోది, యాంప్లిఫయరుకు తగిలించిన టీవీకి కేబుల్ వైరు ద్వారా వీధిలో ఒక ఎర్తు, గోడ సాకెట్టు ద్వారా ఇంట్లో ఒక ఎర్తు ఉంటాయి. ఆ రెండిటి మధ్య తిరిగే కరెంటు స్పీకరులో గుయ్‌మంటుంది. దీనికి ఏ వాల్వూ మార్చనక్కర్లేదు. కేబుల్ వైరు ఒక్కసారి ఊడదీసి చూస్తే తెలిసిపోతుంది. ఊడదీసినా మోత ఉంటే, అప్పుడు స్పిరిటూ పత్తీ తీసుకుని బేసుల దగ్గర మొదలుపెట్టాలి.